బోల్టు లేని తుపాకికి పూలదండ

కిందటి నెల ఒక పొద్దున కంకిపాడు నుంచి బాబాయి ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా," అన్నాడు. నేను నోరు తెరిచేలోగానే, "ఆ తుపాకి ఎక్కడ పెట్టిందో నీకేమన్నా చెప్పిందా?" అని అడిగాడు. తల్లి పోతే తన్ను చంకనేసుకుని పెంచిన అక్క ఇంకా చాప మీదే ఉంది. ఛీ అనిపించింది. తెలీదని చెప్పి ఫోన్ పెట్టేసి, బెజవాడలో కంకిపాడు మీదుగా పోయే బందరు బస్సెక్కాను.

పోయినావిడ మా నాన్నకూ బాబాయికీ అక్క, మా మేనత్త. మామయ్య మిలటరీలో సుబేదారు చేసి రిటైరై వస్తూ, మొదటి ప్రపంచయుద్ధం నాటి రైఫిల్ ఒకటి లైసెన్సుతో సహా తెచ్చుకున్నాడు. ఆయన పోయాక లైసెన్సు అత్తయ్య పేరుకు మారింది. దాని చరిత్ర ఇంతే. బాబాయి చెప్పే చరిత్ర వేరు. మా తాత ఎవరో దొర చేతిలోంచి దాన్ని గుంజుకున్నాడట! మా తాత జన్మలో గుంజుకున్నది ఏదన్నా ఉంటే అది పక్కవాడి పొలం గట్టు. ఆ మాట అత్తయ్యే నలుగురిలో అనేది. బాబాయి వినపడనట్టు మీసం సవరించుకునేవాడు.

డెల్టా గాలికి ఇనప బీరువాలే తుప్పు పడతాయి, వందేళ్ళ తుపాకి ఒక లెక్కా. వానలు తగ్గి ఎండ కాయగానే అత్తయ్య పెరటి వసారాలో పాత చీర పరిచి కూర్చునేది. గొట్టం గోడవైపు తిప్పి, ముందు తూటాల అర ఊడదీసేది. తర్వాత వెనక బోల్టు ఉండే బొక్కలోకి వంగేది. బోల్టంటే తూటాను వెనక నుంచి మూసి పేల్చే కడ్డీ. అది లేకపోతే తుపాకి దుడ్డుకర్రతో సమానం. లోపలికి తొంగి చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, కాసేపాగి మళ్ళీ చూసేది.

"ఇప్పుడేగా చూశావు అత్తయ్యా?" అన్నాన్నేను ఒకసారి.

"ఇందాక చూసింది ఇందాకటికే. ఖాళీ అనే మాట చెవితో వినేది కాదే, కంటితో చూసేది."

అప్పుడు గానీ తాళం తీసి బోల్టు బయటికి తెచ్చేది కాదు. తాడుకు గుడ్డపీలిక కట్టి వెనక నుంచి ముందుకే లాగేది. ముందు నుంచి కడ్డీ దూరిస్తే గొట్టం అంచు అరిగిపోతుందని మామయ్య నేర్పాడట. ఇనుముకి కుట్టుమిషన్ నూనె, చెక్కకు అవిసె నూనె. "నూనె తక్కువైతే తుప్పు, ఎక్కువైతే మురికి. మీ బాబాయికి పొగడ్త ఎక్కువైంది," అనేది. అంతా అయ్యాక బోల్టును మాత్రం దాంట్లో బిగించేది కాదు. బోల్టు ఒక తాళం కింద, మామయ్య నాటి తూటాలు ఇంకో తాళం కింద, తాళం చెవులు ఆవిడ బొడ్లో.

ఇంతటి ఆయుధాన్ని మా ఇంటి మగాళ్ళు ఏడాదికోసారి దసరాకి గుర్తుపట్టేవాళ్ళు. ఆయుధపూజ! ట్రాక్టరూ స్కూటరూ వాకిట్లో, తుపాకి హాల్లో ఎర్రగుడ్డ మీద. గొట్టం పొడవునా తడి పసుపు పూసి, కుంకం బొట్లు పెట్టి, గొట్టం నోట్లో బంతిపువ్వు గుచ్చి, పైన కొబ్బరినీళ్ళు చల్లేవాళ్ళు. తుప్పు పట్టించడానికి ఇంతకంటే మంచి మందు లేదు. ఆ పసుపు వదిలించడానికి అత్తయ్యకు రోజులు పట్టేది. బాబాయి దానికి దండ వేసి, దాన్ని భుజాన వేసుకుని ఫోటో దిగేవాడు. బోల్టు ఉండాల్సిన చోట బెత్తెడు బొక్క! ఏ ఏడాదీ ఏ మగానుభావుడి కంటా అది పడలేదు. మాటలు కోటలు దాటుతాయి, చూపు మీసం దాటదు.

ఒక దసరాకి బాబాయికి కాబోయే వియ్యంకులు వచ్చారు. వాళ్ళ ముందు బాబాయి తుపాకి ఎత్తి, కాఫీలు అందిస్తున్న పిన్నికి గురిపెట్టి, "చక్కెర తగ్గిందో, కాల్చేస్తా!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పిన్ని పళ్ళెంతో గోడవారకి తప్పుకుంది. అత్తయ్య విసురుగా వచ్చి, గొట్టం నేలకి నొక్కి, తమ్ముడి చెంప పగలగొట్టింది.

"ఖాళీదే కదక్కా!" అన్నాడు, చెంప పట్టుకుని.

"నువ్వు చూశావుట్రా?"

"నీ దగ్గరుండేది ఖాళీగా కాక..."

"అంటే చూళ్ళేదు. దాంట్లో బోల్టు లేదు, అదీ చూళ్ళేదు. దండలెయ్యడం తప్ప నీకేం తెలుసు?"

వియ్యంకులు కాఫీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. నాకైతే ఈలెయ్యాలనిపించింది.

అంత జరిగినా సిగ్గు లేదు. అప్పట్నుంచి తుపాకి తన పేరు మీదకి మార్చమని ఒకటే పోరు. "మగాణ్ణి నేనుండగా నీకెందుకక్కా ఈ మోత?" అనేవాడు. "విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి చూపించు. రేపే సంతకం పెడతా," అనేది అత్తయ్య. "అది పనోళ్ళు చూసుకుంటార్లే," అనేవాడు బాబాయి. ఈలోగా ఆవిడ కళ్ళకు పొర కమ్మింది. తను పోతే అది ఆ చేతుల్లోకే పోతుందని, మళ్ళీ ఏ ఆడదాని ముందో లేస్తుందని ఆవిడ బెంగ. నేనెప్పుడు వెళ్ళినా అదే మాట.

ఈ ఎండాకాలం ఒకరోజు నన్ను పిలిపించింది. తుపాకి, బోల్టు, తూటాలు విడివిడిగా చుట్టి ఆటోలో పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళాం. ఎన్నికలొచ్చినప్పుడల్లా అప్పగించి తెచ్చుకోవడం ఆవిడకు అలవాటే. ఈసారి తిరిగి తీసుకోనని కాయితం మీద సంతకం పెట్టింది.

"పాతకాలం వస్తువండీ, మీవాళ్ళకి ఇచ్చుకోవచ్చుగా?" అన్నాడు కుర్ర ఎస్సై మర్యాదగా.

"మావాళ్ళని చూసే తెచ్చాను బాబూ."

కానిస్టేబుల్ దాన్ని మూలకి తీసుకుపోబోతే ఆపి, బల్ల మీద కూర్చుని చివరిసారి గుడ్డ లాగడం మొదలుపెట్టింది. "ఎందుకండీ పెద్దమ్మగారూ, ఎటూ తుక్కులోకేగా," అన్నాడతను. "పోనీ. నా చేతిలోంచి మురిగ్గా పోదు," అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఇప్పటికీ గ్యాస్ కట్టేశానని ఎవరన్నా చెబితే నేను వెళ్ళి చూసొస్తాను. ఆవిడ నాకిచ్చిన ఆస్తి అదే. మా ఇంట్లో ఇంకెవరూ అంత పనికొచ్చేది నాకివ్వలేదు.

పెద్దకర్మ నాడు విస్తళ్ళు వేశారు. వచ్చినవాళ్ళందరూ ఆవిడ మంచితనం గురించి మాట్లాడుతున్నారు. పైన అటక మీద ఇత్తడి బిందెలు దొర్లుతున్న చప్పుడు. బాబాయి టార్చిలైటు పట్టుకుని వెతుకుతున్నాడు. నిచ్చెన మీద ఆయన కాళ్ళు, బూజు అంటిన పట్టుపంచె అంచూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"దొరికిందా అండీ?" అని పిన్ని కింది నుంచి అడిగింది. అడిగి నావైపు చూసి నవ్వాపుకుంది. ఆవిడకీ తెలుసు! అత్తయ్య ఆవిడకి చెప్పే పోయింది.

"ఇంకా లేదు. నిచ్చెన గట్టిగా పట్టుకో!" అన్నాడు బాబాయి.

పిన్ని నిచ్చెన వదిలేసి వచ్చి, నా విస్తట్లో ఇంకో గారె వేసింది.