కెలమంగలం దారిలో విమానాల షెడ్డు

కెలమంగలం దారిలో కట్టించిన విమానాల రిపేరు షెడ్డుకు మా ఇంటి ఓనరు టెంకాయ కొట్టిన రోజున, దాని ముందు రాగి చేను తప్ప మరేమీ లేదు. వార్త రాయడానికి వెళ్లిన నేను గుమ్మడికాయ ముక్కలు దాటుకుంటూ లోపలికి నడిచాను. బెంగళూరు పక్కనున్న మా హోసూరుకు విమానాశ్రయం వస్తుందన్న మాట విని, ఆయన ఉన్న ఒక్క కిరాణా కొట్టూ అమ్మేసి ఈ షెడ్డు కట్టించాడు.

"బెంగళూరులో జాగా కరువప్పా. రిపేరికి ఈడికి రాక యాడికి పోతాయి?" అన్నాడు నాతో.

మా పై వాటాలో ఉండే గుంటూరాయన బెంగళూరు విమానాశ్రయంలో మెకానిక్కు. పూజకు ఆయనా వచ్చాడు. మెల్లగా అన్నాడు: "రోజంతా తిరిగిన విమానం రాత్రికి ఎక్కడ ఆగితే అక్కడే చూస్తామండీ. ఎక్కువ విమానాలు వచ్చే చోటే స్పేర్లూ, పనివాళ్లూ ఉంటారు. ప్యాసింజర్లు లేకుండా ఖాళీ విమానాన్ని ఇక్కడిదాకా ఎవరు తెస్తారు?"

"తెచ్చినా దిగేదానికి రన్‌వే లేదని చెప్పలేదే నువ్వు?" అన్నాడు ఓనరు.

"శుభమా అని కొబ్బరికాయ కొడుతుంటే ఎందుకులే అనుకున్నానండీ."

"నేను చెప్పినాను, పునాది తీసినప్పుడే," అంది ఓనరు భార్య.

ఇప్పుడు పట్టుపురుగులు పెంచే పక్క చేని రైతు ఆ షెడ్డును బాడుగకు అడుగుతున్నాడు. విమానాశ్రయం ఎక్కడ కడతారో మాకింకా తెలియదు. రైతుకు ఓనరు ఇంకా జవాబు చెప్పలేదు.