గాజుల కొట్టులో దొరికిన ఉదాహరణ

నేను భాషాశాస్త్రం, తులనాత్మక సాహిత్యం చదివే రోజుల్లో నాందేడ్‌లో ఆ చదువు పేరు ఒక్క గుక్కలో చెప్పగలిగినవాళ్లు తక్కువ. విన్నాక "అయితే ఏమైతవ్?" అని అడగనివాళ్లు అసలే లేరు. పెద్ద కాలమేమీ గడిచిపోలేదు లెండి, అప్పటి ఫోనే ఇంకా నా జేబులో ఉంది (తెర పగిలింది, అంతే). కానీ సిగ్గుపడ్డ సంగతులు తొందరగా పాతబడితే బాగుంటుంది కదా, అందుకని "ఆ రోజుల్లో" అంటున్నాను.

మా సారుకు ప్రతి మాటకూ ఉదాహరణ కావాలి. "కడుపునొప్పి సార్" అన్నా "ఉదాహరణకు?" అనే మనిషి. ఆయన సెమినార్‌కు పెట్టిన పని ఏమంటే, ఇంట్లోవాళ్లు సహజంగా మాట్లాడుకునేది రికార్డు చేసి తేవాలి. క్లాసులో కొంచెం వినిపించి, ఆపి, మరాఠీలో అనువదించి, మళ్లీ కొంచెం వినిపించాలి. మాకు పాత బజారులో గాజుల కొట్టు. ముందర అమ్మ ఆడవాళ్ల చేతులకు గాజులు తొడుగుతుంది, వెనక నాయనమ్మ పగిలినవి ఏరుతూ లోకాన్ని సరిదిద్దుతుంది. సహజత్వానికి కరువేముంది అనుకున్నాను. "సహజంగ మాట్లాడుండ్రి" అనగానే ఇద్దరికీ ఏదో పూనింది. అమ్మ వార్తలు చదివే గొంతుతో "నమస్కారం, మాది గాజుల వ్యాపారము" అంది. నాయనమ్మ ఫోను మీదికి వంగి మా ఇంటి అడ్రసు చెప్పింది. ఇట్లా కాదని ఫోనును గాజుల స్టాండు పక్కన పెట్టి, "ఇది ఈడనే ఉంటది, మీరు దీన్ని మర్చిపోండ్రి" అని బయటికి పోయాను. చాలా శ్రద్ధగా మర్చిపోయారు. తిరిగొచ్చి మొదట కొంత విన్నాను. బేరం, తెలుగు, మరాఠీ, దక్కనీ కలగలిసి బ్రహ్మాండంగా ఉంది. మిగతాదీ ఇట్లాగే ఉంటుందిలే అనుకుని వదిలేశాను. (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షకు చదివిందీ ఇదే పద్ధతిలో.)

సెమినార్ రోజు బేరం భాగం బాగానే నడిచింది. సారు తల ఊపుతున్నాడు. ఆ తర్వాత కొట్టుకు ఒక టీచర్‌బాయి వచ్చినట్టుంది, మీ అబ్బాయి ఏం చదువుతున్నాడని మరాఠీలో అడిగింది. అమ్మ కూడా మరాఠీలోనే, "ఇంజినీరింగ్‌చీ సీట్ సోడ్లీ త్యానే" అంది. అంటే ఇంజినీరింగ్ సీటు వచ్చినా వాడే వదిలేశాడని, వాడికి భాషలంటే ప్రాణమని. దీనికి అనువాదం అక్కర్లేదు. క్లాసంతా నా వైపు తిరిగి చూసింది. నాకు రాని సీటును త్యాగం చేసిన గౌరవం నా ముఖంలోకి పాకుతుంటే నేను ఆపలేదు. అంతలో వెనక నుంచి నాయనమ్మ గొంతు, తెలుగులో: "ఏమే, సీటు ఎప్పుడచ్చిందే? రెండుసార్లు ఫేలాయె గద పోరడు."

ఆపాను. అనువదించాలి. "ఆ సీటు రెండుసార్లు వచ్చిందని మా నాయనమ్మ గుర్తుచేస్తోంది" అన్నాను.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ధర్మాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి. మేం ప్యాసింజర్ అని పిలిచేవాళ్లం. క్లాసులో నేను కాక తెలుగు వచ్చింది ఆమె ఒక్కదానికే. నా పాడుకాలానికి ఆ రోజు బండి టైముకు వచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నావు?" అన్నాడు సారు.

"ఏం లేదు సార్, స్వేచ్ఛానువాదం."

"అయితే మూలానికి కట్టుబడి నువ్వు చెయ్యి."

ఆమె నా వైపు చూసి తెలుగులో, "ఏం జెయ్యాలె? చెప్పాల్నా?" అంది.

"చెప్పు. ఇంక దాసేదానికి ఏమున్నది."

చెప్పింది. క్లాసు గొల్లుమంది. ఆమే వచ్చి రికార్డింగు తర్వాతి ముక్క వినిపించింది. "ఊకో అత్తమ్మా, గామెకు తెలుగు రాదు" అంటోంది అమ్మ. "రాకుంటే లేని సీటు అస్తదా?" నాయనమ్మ. ఇంకా నవ్వు. తర్వాత అమ్మ గొంతు తగ్గింది. "మరేం జెప్పాలె? పోరడు ఎవరన్న అస్తే లేసి లోపలికి పోతున్నడు. కొట్ల తలకాయ ఎత్తి కూసోవాలె గద వాడు." ప్యాసింజర్ దీన్నీ మాట మాటకూ మరాఠీ చేసింది, కాకపోతే నా వైపు చూడకుండా. నవ్వు ఆగిపోయింది. వాళ్లు నవ్వుతూనే ఉంటే బాగుండుననిపించింది. సారు మాత్రం సంబరంగా బోర్డు మీద రాశాడు: కొనేవాళ్లతో ఒక భాష, ఇంట్లోవాళ్లతో ఒక భాష. ఇంతకంటే మంచి ఉదాహరణ ఎన్నడూ దొరకలేదన్నాడు. మంచి మార్కులే వేశాడు. మా పరువు శాస్త్రానికి అట్లా ఉపయోగపడింది.

సాయంత్రం కొట్టుకు పోయేసరికి అమ్మ, "విన్నరా అందరు? నేనేం మాట్లాడిన్నో నాకే యాదికి లేదు" అంది.

"మంచిగనే మాట్లాడినవ్."

"అత్తమ్మ నడుమల ఒర్రిందా?"

"కొంచెం."

అలవాటు ప్రకారం లోపలికి జారుకోబోతుంటే ఆ టీచర్‌బాయే మళ్లీ వచ్చింది, తన చెల్లెలికి గాజులు వేయించడానికి. చెల్లెలి చెయ్యి అమ్మ చేతిలో, గాజు సరిగ్గా ఎముక దగ్గర బిగిసి ఉంది. బాయి నన్ను పట్టుకుని, "నిజంగానే ఇంజినీరింగ్ సీటు వదిలేశావా బాబూ?" అని మరాఠీలో అడిగింది. అమ్మ తల ఎత్తలేదు. గాజు తోస్తున్న వేళ్లు మాత్రం ఆగిపోయాయి. పొద్దున ఇదే అబద్ధం నా గొప్ప కోసం ఆడి క్లాసు ముందు దొరికిపోయినవాణ్ణి. స్టూలు లాక్కుని అమ్మ పక్కనే కూర్చున్నాను.

"హో, బాయీ" అన్నాను, అవునని.

గాజు ఎముక దాటి జారింది. వెనక నుంచి నాయనమ్మ ఒకసారి దగ్గింది. దానికి ఏ భాషలోకీ అనువాదం అక్కర్లేదు.

క్లాసులో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. స్టూలు మీద కూర్చున్నవాణ్ణి చూస్తే మాత్రం, పోనీలే పాపం, కాస్త నవ్వొస్తుంది.