దారంతో కొలిచిన రంధ్రం

రెండు ఎద్దులు, ఒక బండి, ఇంట్లో దాచిన వేరుశనగ విత్తనాలు. ఇవన్నీ పోగొట్టుకున్నవాడు, కరువు సంవత్సరం రాయచోటి బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి. ఎద్దులూ బండీ అమ్మి పాత మిలిటరీ జీపు కొని, కరువు పనులకు నీళ్లు తోలేవాడట. ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకూ పంచే పెట్టె పగిలింది. విత్తనాలు అమ్మి, కడపలో వేరే రకం జీపుది అలాంటి పెట్టె కొన్నాడు. అది గోనెసంచిలో అతని కాళ్ల మధ్య ఉంది.

“సరిపోతుందా అప్పా?” అని అడిగాను.

“సరిపోకేమన్నా? ఎద్దులబండి ఇరుసును కొలిచినట్టే రంధ్రం కొలిచినా,” అని ముడివేసిన దారం చూపించాడు. మాదిరికి తెచ్చిన పాత పళ్లచక్రం నా చేతిలో పెట్టాడు.

సంచి మూతి విప్పి, ఇంజను కడ్డీ దూరే రంధ్రాలు పాతదీ కొత్తదీ చూసి, లోపలి గాడులు లెక్కపెట్టాను. “లావు ఒకటే. పాతదాంట్లో గాడులు పది, దీంట్లో ఆరు. కడ్డీ దూరదు.”

“శానా చదివినావా?”

“లేదప్పా. లెక్కలు నేనే నేర్చుకున్నా.”

“అయితే తప్పుండొచ్చులే,” అని నవ్వాడు. తర్వాత వేలు పెట్టి తానే లెక్కపెట్టాడు. మళ్లీ పెట్టాడు.

అతని ఊరొచ్చింది. సంచి దించడానికి నేను చెయ్యి వేయబోతే వద్దన్నాడు. “నీళ్లకు జనం బిందెలు పెట్టుకోని కూసోనుంటారన్నా. పదిలో ఆరు పోతే ఎంత?”

“నాలుగు.”

“అవి యాడ తెచ్చేది?”

నాకు తెలిసిన లెక్కల్లో ఆ నాలుగే ఇంకా బాకీ.