వాసన వచ్చేవన్నీ దూరంగా

నాకు భయాలు ఎక్కువ. ఇది నేను దాచుకునే సంగతేమీ కాదు. లిఫ్ట్ అంటే భయం, కుక్కలంటే భయం, హైవే మీద పక్కనుంచి పెద్ద ట్రక్కు దూసుకుపోతే భయం. మా ఆయనకి మాత్రం దేనికీ భయం లేదు. ఇంటిల్లిపాది తరఫునా నేనే భయపడిపోతుంటాను కాబట్టి ఆయనకి ఆ పని మిగలలేదు. అలాంటి నన్ను న్యూజెర్సీలో ఎడిసన్‌లోని అపార్ట్‌మెంట్ నుంచి లేవదీసి, వర్జీనియా కొండల్లోని నేషనల్ పార్క్‌లో, నట్టడవిలో ఒక రాత్రి పడుకోబెట్టిన ఘనత ఆయనదే.

ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ నడవడం ఇంకా అందరికీ అలవాటు కాని రోజులవి. మా ఆయన ఆఫీసులో ఒక కొరియన్ కొలీగ్ ఉండేవాడు. అతని మేనమామ కొరియాలో ఉండగా అక్కడి కొండల పార్కుల్లో గైడ్‌గా పనిచేశారట. జనాన్ని సాయంత్రానికి కొండ మీది బసకి చేర్చి, చెక్కనేల మీద వరసగా పడుకోబెట్టి, తెల్లారగట్ల లేపి శిఖరం ఎక్కించి సూర్యోదయం చూపించడం ఆయన పని. ఇప్పుడు న్యూజెర్సీలో కూతురి దగ్గర ఉంటూ, తెలిసినవాళ్ళని ఇక్కడి కొండలకి అదే పద్ధతిలో తీసుకెళ్తున్నారు. గుంపుల్ని తీసుకెళ్ళరు. ఒకసారికి ఒక్క కుటుంబమే.

"మనకోసమే ప్రైవేట్ టూర్. బుక్ చేసేశాను," అన్నారు మా ఆయన ఒక సాయంత్రం. అడగడం కాదు, చెప్పడం.

"అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయా?" అన్నాను.

"ఉంటాయిలే. వాటి మానాన అవి ఉంటాయి."

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఎలుగుబంటి అన్న మాట వినగానే సోఫా మీద ఎగరడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒక పార్టీ, నేనొక్కదాన్నీ ఒక పార్టీ. మా ఇంట్లో ఎప్పుడూ ఇంతే.

బయల్దేరే రోజు పొద్దున్నే దాన్ని కూర్చోబెట్టి తలకి నూనె పెట్టాను. రెండు రోజులు స్నానం ఉండదు, కొండ గాలికి జుట్టంతా చిక్కు పడుతుంది. ఏ తల్లయినా చేసే పనే కదా. ఆ నూనె మా అమ్మ స్వయంగా కాచి పంపింది. కొబ్బరి నూనెలో కరివేపాకు, మెంతులు, మందారాకులు వేసి నల్లబడేదాకా కాస్తుంది. సీసా మూత తీస్తే ఇంట్లో ఎవరో పోపు వేసినట్టుంటుంది. మాడు మీద పోసి, కుదుళ్ళకి పట్టేలా రుద్ది, రెండు జడలు వేసి, పైకి మడిచి రిబ్బన్లు కట్టాను.

"అమ్మా, చాలా స్మెల్ వస్తుంది. స్కూల్‌లో పిల్లలు నవ్వుతారు," అంది మూతి ముడుచుకుని.

"మనం వెళ్ళేది స్కూల్‌కా? అడవిలో నీ తల ఎవరు వాసన చూస్తారే?" అన్నాను.

పార్క్‌లో కాలిబాట మొదలయ్యే చోట గైడ్ గారు మాకోసం ఎదురుచూస్తున్నారు. అరవై దాటిన మనిషి, పొట్టిగా, ఎండిన కట్టెలా ఉన్నారు. అడుగు వేసేముందు ఆయన కొండవైపు తిరిగి నడుం వంచి దణ్ణం పెట్టారు. ఆ ఒక్క పనితో నాకు ఆయన మీద కాస్త నమ్మకం కుదిరింది. ఆయన సంచీకి చిన్న గంట వేలాడుతోంది. నడుస్తుంటే మోగుతుంది.

"గంట ఎందుకండీ?" అని ఇంగ్లిష్‌లో అడిగాను.

"మనం వస్తున్నామని ఎలుగుబంటికి చెప్పడానికి," అన్నారు ఆయన తన ఇంగ్లిష్‌లో.

కుదిరిన నమ్మకం కాస్తా జారిపోయింది.

నిజం చెప్పాలంటే నడక బాగానే ఉంది. అక్టోబర్ కొండలు ఎర్రగా పండి ఉన్నాయి. ప్రతి మలుపు దగ్గరా ఆయన ఆగి, కీరదోసకాయ ముక్కలు కోసి మా చేతుల్లో పెట్టేవారు. వాళ్ళ కొండల్లో ఎవరైనా దాహానికి ఇదే తింటారట. అక్కడి ఎలుగుబంట్లకి గుండె మీద నెలవంకలాంటి తెల్లమచ్చ ఉంటుందని, అన్నేళ్ళు తిరిగినా తనకి ఒక్కటీ కనబడలేదని చెప్పారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయన వెంట ఉంటే ఎలుగుబంట్లు కనబడవన్నమాట అనుకున్నాను.

ఎండ వాలుతుండగా కనబడింది. దారికి అడ్డంగా, మాకు బాగా ముందు, నల్లటి తల్లి, వెనకే పిల్ల. గైడ్ గారు చెయ్యి పైకెత్తారు. అందరం ఆగిపోయాం. అమ్మాయి భుజాలు రెండూ గట్టిగా పట్టుకుని నా పొట్టకి అదుముకున్నాను. ఆ తల్లి ఎలుగు మావైపు చూడలేదు. మూతి పైకెత్తి గాలిని వాసన చూసింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. చాలాసేపు చూసి, పిల్లని తోలుకుని పొదల్లోకి దిగిపోయింది.

"దానికి కళ్ళకంటే ముక్కు ఎక్కువ. మనం ఎవరమో ముక్కుతోనే తెలుసుకుంటుంది," అన్నారు గైడ్ గారు నెమ్మదిగా.

మా ఆయన కెమెరా తీయడం ఆలస్యమైందని బాధపడుతున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. వెనక్కి పోదామంటే చీకటి పడేలోపు కారు చేరలేం. ముందుకి పోవాల్సిందే.

బస చూశాక మిగిలిన ధైర్యం కూడా పోయింది. రాళ్ళూ దుంగలూ పేర్చి కట్టిన గుడిసె. మూడువైపులే గోడలున్నాయి. నాలుగోవైపు ఏమీ లేదు, తిన్నగా అడవే.

"తలుపేదండీ?" అన్నాను.

గైడ్ గారు నవ్వి, తన చాప తీసుకెళ్ళి ఆ తెరిచివున్న వైపు అడ్డంగా పరిచారు. "నేనే తలుపు," అన్నారు.

మా అమ్మాయికి ఆ మాట తెగ నచ్చింది. "అంకుల్ ఈజ్ ద డోర్!" అని రెండుసార్లు అంది.

తర్వాత ఆయన ఒక గోనెలాంటి సంచీ పరిచి, తినేవే కాదు, వాసన వచ్చేవన్నీ అందులో వేయమన్నారు. గుడిసెకి ఎదురుగా, ఖాళీస్థలం అవతలి అంచున, పైన కొక్కేలున్న పొడుగాటి ఇనుప స్తంభం ఉంది. సంచీని ఒక గెడతో ఎత్తి ఆ కొక్కేనికి తగిలించాలి. "మనుషులు పడుకునే చోట వాసన వచ్చేది ఏదీ ఉండకూడదు. అది ఉండే చోటు అక్కడ," అని స్తంభం చూపించారు.

అమ్మాయి ఆ పని తన నెత్తిన వేసుకుంది. పులిహోర డబ్బా, ఆవకాయ సీసా, టూత్‌పేస్ట్, మా ఆయన తలనొప్పి బామ్, నేను దేవుడి కోసం తెచ్చుకున్న అగరుబత్తి ప్యాకెట్, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇది స్మెల్. ఇది నో స్మెల్," అంటూ వేరు చేసింది. నా చేతిరుమాలు కూడా వదల్లేదు. ఆ రూల్‌ని మా అందరికంటే శ్రద్ధగా పట్టించుకున్నది అదే.

సంచీ పైకెక్కింది. హమ్మయ్య అనుకుని, పడుకోబెట్టేముందు అమ్మాయి రిబ్బన్లు విప్పాను. విప్పిన చెయ్యి ముఖం మీదికి తెచ్చుకున్నాను.

పోపు వాసన.

మూతి పైకెత్తి గాలిని వెతికిన ఆ తల్లి ఎలుగు కళ్ళముందు కదిలింది. అది వెతికింది దీన్నే అనిపించింది. వెంటనే గైడ్ గారికి చెప్పాను. ఆయన వంగి అమ్మాయి తల వాసన చూశారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఇది తినేదా?"

"కాదండీ. అంటే... కరివేపాకు, మెంతులు, కొబ్బరి. అన్నీ తినేవే."

వాసన లేని సబ్బు ముక్క ఇచ్చి, పక్కనున్న ఊటకాలవ దగ్గరికి తీసుకెళ్ళారు. కాలవలో సబ్బు కలపకూడదని, డబ్బాతో నీళ్ళు ముంచి దూరంగా పోసుకోమన్నారు. ఆ చన్నీళ్ళకి అమ్మాయి పళ్ళు టకటకమన్నాయి. నీళ్ళు జారిపోతున్నాయి గాని నూనె కదలదు. మా అమ్మ కాచిన నూనె కుంకుడుకాయలకే ఓ పట్టాన లొంగదు, ఈ సబ్బుముక్కకి లొంగుతుందా?

"ఏం కాదులే, చలికి చచ్చిపోతుంది పిల్ల, వదిలెయ్," అన్నారు మా ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం కాదా? ఆఖరికి అగరుబత్తీలు కూడా తీసుకెళ్ళి దూరంగా వేలాడదీశారే! మరి దీని తలని ఎక్కడ వేలాడదీస్తారండీ? ఎలుగుబంటి తిన్నగా మన మీదికే వస్తుంది, మీకు అర్థమవుతోందా?"

టవల్ చుట్టుకుని మా ఇద్దరి మధ్యా నిలబడి, అమ్మాయి నా ముఖంలోకే చూస్తోంది.

గైడ్ గారు తన ఉన్ని టోపీ దాని తలకి చెవులదాకా తొడిగారు. లోపలి మూల గోడవారగా దాన్ని పడుకోబెట్టి, పక్కన నేను, నా పక్కన మా ఆయన, ఆ తెరిచివున్న వైపు గైడ్ గారు. "భయపడకండమ్మా. తలుపు ఉంది," అన్నారు నాతో. పొద్దున్నే ఊట దగ్గర మొదటి నీళ్ళు తేవడం తన అలవాటని, ఎవరూ ముంచకముందు తెచ్చిన నీళ్ళతోనే టీ బాగుంటుందని చెప్పి పడుకున్నారు.

ఆ రాత్రి గురించి చెప్పడానికేమీ లేదు. ఆకు కదిలితే ఎలుగు, కొమ్మ విరిగితే ఎలుగు. మా ఆయన గురక పెడితే అది విని ఎలుగు వస్తుందని ఆయన్ని తట్టి లేపాను. "అమ్మా, నిద్ర రాలేదా?" అని అమ్మాయి అడిగితే, "నువ్వు పడుకో," అన్నాను. నా గొంతు వణికింది. అది విన్నదని నాకు తెలుసు.

ఎప్పుడు కన్నంటుకుందో మరి, మెలకువ వచ్చేసరికి బూడిదరంగు వెలుతురు. గుడిసె ముందంతా పొగమంచు. గైడ్ గారి చాప ఖాళీగా ఉంది. నీళ్ళకి వెళ్ళి ఉంటారు. ఇటు తిరిగాను.

అమ్మాయి లేదు.

గోడకీ నాకూ మధ్య చెయ్యి పెట్టి తడిమాను, అంత పిల్ల ఆ సందులో దాక్కుని ఉంటుందన్నట్టు. లేచి బయటికి చూశాను. ఖాళీస్థలం అవతల, స్తంభం కింద, మంచులో నల్లగా ఒక ముద్ద. కూర్చుని ఉంది. కదిలింది.

ఆ క్షణం నేనేమనుకున్నానో ఇప్పటికీ పూర్తిగా రాయలేను. ఎలుగు కనబడితే పరుగెత్తొద్దని గైడ్ గారు ముందే చెప్పారు. అది గుర్తుంది. అయినా చెప్పుల్లేకుండా పరుగెత్తాను, దాని మీదికే. నా నోట్లోంచి వచ్చిన అరుపు మాట కాదు.

ఆ ముద్ద తలెత్తింది. దాని నెత్తిన ఉన్ని టోపీ ఉంది.

గైడ్ గారిచ్చిన నల్లటి స్లీపింగ్ బ్యాగ్ మెడదాకా చుట్టుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది మా అమ్మాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. దాని ముందు కూలబడి రెండు చేతులతో ముఖం పట్టుకున్నాను.

"ఇక్కడేం చేస్తున్నావే? ఎవరు రమ్మన్నారు నిన్నిక్కడికి?"

"అంకుల్ వాటర్‌కి వెళ్ళారు. డోర్ లేదు కదా, అమ్మా," అంది. చలికి మాట తడబడుతోంది. "నేను స్మెల్ వస్తాను. స్మెల్ వచ్చేవి ఇక్కడ పెట్టాలి. అందుకే నన్ను ఇక్కడ పెట్టుకున్నా."

"బేర్ వస్తేనో?"

"వస్తే ఇక్కడికి వస్తుంది. నీ దగ్గరికి రాదు." టోపీ కిందనుంచి నన్నే చూస్తోంది. "నువ్వు నైట్ అంతా భయపడ్డావ్ కదా."

దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. లేచి గుడిసెలోకి వెళ్ళాలని కూడా తోచలేదు. మా తలల మీద పులిహోర, ఆవకాయ, అగరుబత్తీలు ఉన్న సంచీ వేలాడుతోంది. మంచులోంచి గంట చప్పుడు దగ్గరికొచ్చింది. గైడ్ గారు మమ్మల్ని చూసి ఆగారు. నీళ్ళ డబ్బా కింద పెట్టి, మాకూ అడవికీ మధ్య అడ్డంగా కూర్చున్నారు.