తోఖ్తాసిన్ కూర్చోని రోజులు

మర్గిలాన్ ఊళ్ళో మా వీధి పిల్లల్లో తోఖ్తాసిన్ చేసిన ఊయలలో పెరగనివాడు ఒక్కడు లేడు. కర్ర కోళ్ళు నున్నగా తీర్చి, ఎరుపూ ఆకుపచ్చా రంగులు పూసి, పరుపు మధ్యలో చిల్లు, చిల్లు కింద మట్టి పిడత, పసివాడి ఉచ్చ అందులోకి దిగడానికి వేలెడంత కర్ర గొట్టం, అన్నీ తనే అమర్చి ఇచ్చేవాడు. "పిల్లాడి అడుగుభాగం తడవకూడదు, ఒరుసుకోకూడదు. అందచందాలు తర్వాత" అని కొనడానికి వచ్చిన ప్రతి అమ్మమ్మకీ పాఠం చెప్పేవాడు. అమ్మమ్మలకి తెలియనిదా! అయినా వినేవాళ్ళు. అలాంటి మనిషి తన అడుగు సంగతి తనకే తెలియక ఏడాదిన్నర నరకం చూశాడు. అందులో సగం చేజేతులా తెచ్చుకున్నదే. ఆయన పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలీ కోపమూ కలిసే వస్తాయి.

ఆయన ప్రాణమిత్రుడు ఖోల్మత్. మూడిళ్ళ అవతల ఉండేవాడు. పత్తిగింజల నూనె మడ్డిలో క్షారం కలిపి, పెద్ద బానలో ఉడికించి నల్లసబ్బు చేయడం అతని పని. ఆ సబ్బు పెడితే బానల మసీ పోయేది, ట్రాక్టరు డ్రైవరు చొక్కా మీది గ్రీజూ పోయేది. ఇద్దరూ ఒకే వారంలో పుట్టారు, ఒకే ఏడు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే గాప్‌లో ఉన్నారు. పదిహేను రోజులకోసారి ఒకరింట్లో పన్నెండుమంది మగాళ్ళు చేరి, పలావు తిని, బొంతల మీద బాసింపట్టు వేసుకుని, టీ మీద టీ తాగుతూ లోకాన్ని ఏకిపారేయడమే గాప్. అందులోంచి మధ్యలో లేచిపోయాడంటే ఆ మనిషి ఎవరిమీదో అలిగాడని లెక్క.

ఒక ఎండాకాలం, పుచ్చకాయ పడక కడుపు చెడి, నాలుగు రోజులు దొడ్లోకి పరుగులు పెట్టాక, తోఖ్తాసిన్‌కి మలద్వారం దగ్గర దురద మొదలైంది. కడుపు కుదుటపడింది గానీ దురద పోలేదు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఇంకా ఏదో అశుద్ధం మిగిలిపోయింది, అందుకే ఈ దురద అనుకున్నాడు. ప్రతి నమాజుకి ముందూ చెంబు పట్టుకెళ్ళి, నీళ్ళతో సరిపెట్టకుండా ఖోల్మత్ నల్లసబ్బు పెట్టి రుద్దాడు. గరుకు తువ్వాలుతో తుడిచాడు. దురద పెరిగింది. పెరిగింది కాబట్టి శుభ్రం చాల్లేదనుకుని, ఐదుసార్లని ఏడుసార్లు చేశాడు. కాస్త బద్ధకస్తుడై ఉంటే ఎప్పుడో బాగుపడేవాడు!

ఎవరికైనా చెప్పాడా అంటే, భార్య తూతీకి కూడా చెప్పలేదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మనవలున్న మనిషి, ఏమని చెప్పుకుంటాడు? తనను ఎరగనివాళ్ళుండే ఊరికి బస్సెక్కి వెళ్ళి, మందుల షాపులో చేతికి తామర అని అబద్ధమాడి, ఒక స్టెరాయిడ్ క్రీము తెచ్చుకున్నాడు. మొదటి వారం హాయిగా ఉంది. మానగానే రెట్టింపైంది. మళ్ళీ ట్యూబు, మళ్ళీ హాయి, మళ్ళీ మంట. అలా ఏడాది పైన పూసి పూసి అక్కడి చర్మం ఉల్లిపొరలా పలచబడింది. ముట్టుకుంటే చిట్లేది.

గాప్‌లో ఆయన ఒక చోట కుదురుగా కూర్చోలేకపోవడం ముందు ఖోల్మత్ కంటే పడింది.

"ఏంట్రా, చీమలపుట్ట మీద కూర్చున్నావా?"

అందరూ గొల్లుమన్నారు.

"నడుం నొప్పిరా" అన్నాడు తోఖ్తాసిన్.

"నడుమా? మొన్న దుంగ భుజానేసుకుని కొత్త పెళ్ళికొడుకులా నడిచావు కదరా! మీ ఆవిడ దగ్గర కూడా ఇదే చెప్తున్నావా ఏంటి?"

తోఖ్తాసిన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే లేచి, పొయ్యి మీద జిగురు ఉందని ఏదో గొణిగి ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాతి గాప్‌కి వెళ్ళలేదు. ఆ పై దానికీ వెళ్ళలేదు.

పనీ కుంటుపడింది. ఊయల కోళ్ళు తీర్చే పని పీట మీద కూర్చుని చేసేది. నిలబడి చేస్తే చెయ్యి తప్పేది. సరిగ్గా అప్పుడే ఖోల్మత్ కూతురు సనోబర్‌కి తొలికాన్పులో కొడుకు పుట్టాడు. మా దగ్గర తొలి మనవడికి ఊయల అమ్మమ్మ తాతయ్యలే పట్టుకెళ్ళాలి. ఖోల్మత్ ఇంకెవరికి చెప్తాడు? "నా మనవడు నీ చేతి ఊయలలోనే పడుకోవాలిరా" అన్నాడు. తోఖ్తాసిన్ సరేనన్నాడు. ఊయల వేడుక రోజు వచ్చేసరికి రెండు కోళ్ళూ, ఒక పక్క చెక్కా మాత్రమే అయ్యాయి. చుట్టాలు కానుక పళ్ళేలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంటే, ఖోల్మత్ గత్యంతరం లేక బజారుకి పరుగెత్తి, ఎవరో చేసిన ఊయల కొని తెచ్చాడు.

వారం తర్వాత ఖోల్మత్ తనే వచ్చాడు, చంకలో కొత్త సబ్బుల మూట పెట్టుకుని. తూతీ రొట్టె, ఎండుద్రాక్ష, టీ పెట్టింది. ఖోల్మత్ బొంత మీద కూర్చున్నాడు. తోఖ్తాసిన్ మాత్రం గడప దగ్గరే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"బజారు ఊయల కొన్నానని కోపం వచ్చిందా?" అన్నాడు ఖోల్మత్.

"కోపమేంట్రా. తప్పు నాదైతే!"

"మరి కూర్చో."

"ఫరవాలేదు. నువ్వు తాగు."

ఇంటికొచ్చిన అతిథి ఎదుట ఇంటాయన కూర్చోకపోతే, లేచి వెళ్ళమని చెప్పినట్టే. అది ఇద్దరికీ తెలుసు. ఖోల్మత్ రొట్టె తుంచలేదు. సగం తాగిన గిన్నె దించి, సబ్బుల మూట కిటికీలో పెట్టి, "ఇవి వాడుకో, ఈసారి బాగా కుదిరాయి" అని వెళ్ళిపోయాడు. తోఖ్తాసిన్ వాడుకున్నాడు. అన్నీ అరిగేదాకా, రోజుకి ఏడుసార్లు వాడుకున్నాడు.

ఆ శరత్కాలంలో ఖోల్మత్‌కి కాలేయం చెడిపోయింది. చలికాలం వచ్చేసరికి మంచం దిగలేని స్థితి. తోఖ్తాసిన్ వెళ్ళాడు. వెళ్ళకుండా ఎలా ఉంటాడు! తలదగ్గర పరిచిన బొంత మీద కూర్చున్నాడు. రెండు నిమిషాలు కాకుండానే కింద నిప్పు పెట్టినట్టైంది. అప్పటికే నుదుట చెమట. మోకాళ్ళ మీదికి జరిగాడు, ఒక పక్కకి ఒరిగాడు, చివరికి లేచాడు.

ఖోల్మత్ చెయ్యి చాచాడు. పసుపురంగు చెయ్యి, ఎముకలే మిగిలాయి.

"కూర్చోరా. ఈ ఒక్కసారి కూర్చో."

చెప్పేద్దామని తోఖ్తాసిన్ చెవి దగ్గరికి వంగాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అల్లుడు మందుగిన్నె పట్టుకుని లోపలికొచ్చాడు. మాట మింగేశాడు. "మళ్ళీ వస్తాలేరా" అన్నాడు. ఖోల్మత్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తొమ్మిదో రోజు పోయాడు.

మా దగ్గర చావింటి మగాళ్ళు బొంతకోట్లకి నడికట్లు కట్టుకుని, కర్రల మీద ఆనుకుని, వీధి గుమ్మంలో నిలబడి ఏడుస్తూ వచ్చేవాళ్ళని ఎదుర్కోవాలి. మూడు రోజులూ తోఖ్తాసిన్ అందరికంటే ముందొచ్చి, అందరికంటే ఆఖరున వెళ్ళాడు. "చూశారా, స్నేహితుడంటే అలా ఉండాలి. కాసేపైనా కూర్చోలేదు" అన్నారు జనం. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన ఇంకా పెద్దగా ఏడ్చాడు. బతికుండగా కూర్చోవాల్సినవాడు, పోయాక నిలబడి మెప్పు పొందుతున్నాడు. ఇంతకంటే శిక్ష ఏముంటుంది?

ఆ వారమే ఉతుకుతున్న బట్టల్లో తూతీకి నెత్తుటి మరకలు కనిపించాయి.

"ఏవండీ, ఇదేంటి?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే రక్తం ఎక్కడ్నుంచి వచ్చింది? ఇప్పటికే ఒకర్ని సాగనంపాం. మన పిల్లల్ని కూడా గుమ్మంలో నిలబెట్టి ఏడిపించాలని ఉందా? నడవండి మునవ్వర్ దగ్గరికి!"

మునవ్వర్ మా వీధి ఆరోగ్య కేంద్రంలో ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా కాన్పులు చేసేదీ, సూదులు వేసేదీ ఆవిడే. తోఖ్తాసిన్ గోడకేసి చూస్తూ సంగతంతా చెప్పాడు, పరీక్ష చేస్తానంటే మాత్రం ససేమిరా అన్నాడు.

"బాబాయ్, మీ ఊయలల్లో పడుకున్న పిల్లలందర్నీ పుట్టించింది నేను. వాళ్ళ ముడ్లు చూసినదాన్ని, మీది చూస్తే కళ్ళు పోతాయా? పడుకోండి!"

పడుకున్నాడు. చూసింది. చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ఏ సబ్బు వాడుతున్నారు?"

"ఖోల్మత్ సబ్బు."

"అక్కడా? రోజుకి ఎన్నిసార్లు?"

"ఐదు. ఒక్కోసారి ఏడు."

మునవ్వర్ తల పట్టుకుంది. "అది బానల మసి వదిలించే సబ్బు బాబాయ్! దానికి తోడు ఆ క్రీము. చర్మం ఏం మిగులుతుంది? ఒక్కమాట చెప్పండి, ఊయలలో పిల్లాడి అడుగు ఎర్రబడిందని తల్లి ఏడుస్తూ వస్తే మీరేం చెప్తారు?"

తోఖ్తాసిన్ తన పాత పాఠం ఒప్పజెప్పాడు, "సబ్బు ముట్టించకు. గోరువెచ్చని నీళ్ళతో కడుగు. రుద్దకు, మెత్తటి పాతగుడ్డతో అద్దు. ఆరనివ్వు. తర్వాత పల్చగా కొవ్వు రాయి."

"మీకూ అదే మందు. కొవ్వు బదులు జింకు ఆయింట్‌మెంట్ ఇస్తాను. బయటికి వెళ్ళొచ్చాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. నమాజుకి ఉత్త నీళ్ళు చాలు, దేవుడు సబ్బు అడగలేదు. ట్యూబు అవతల పారేయండి. మానిన మొదటి రోజుల్లో దురద ఎగదన్నుతుంది, ఓర్చుకోండి, తడిగుడ్డ చల్లగా వేసుకోండి. గోళ్ళు కత్తిరించండి. నూలు లాగులు, వదులుగా. మిరపకాయా, కడుపునిండా టీ తగ్గించండి. నులిపురుగులకి పరీక్ష రాస్తాను. ఆ రక్తం గోకిన పగుళ్ళదే. మూడు వారాల్లో తగ్గకపోయినా, మళ్ళీ రక్తం పడినా, సిగ్గుపడకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. సరేనా?"

"ఇంతేనా?" అన్నాడు తోఖ్తాసిన్.

"ఇంతే."

"ఇంతేనామ్మా?" అని మళ్ళీ అడిగాడు. అడిగి, చెక్కబల్ల మీద అలాగే ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పావుగంట కూడా పట్టని మాట. ఏడాదిన్నర నోట్లో పెట్టుకు తిరిగాడు. మునవ్వర్‌కి అర్థం కాక, నొప్పేమోననుకుని మంచినీళ్ళిచ్చింది.

మొదటి వారం గోడలు పట్టుకుని తిరిగాడు. రెండో వారం మంట తగ్గింది. నాలుగో వారానికి పీట మీద కూర్చుని కోళ్ళు తీర్చసాగాడు. తూతీ సంతోషపడింది. ఆయన మాత్రం పడలేదు. బాగైన కొద్దీ మరింత కుంగిపోయాడు.

ఖోల్మత్ పోయిన నలభయ్యో రోజున తెల్లవారే నమాజు కాగానే అతని ఇంట్లో పలావు పెట్టారు. జనం బంతులు బంతులుగా వచ్చి, తిని, ప్రార్థన చేసి వెళ్ళారు. తోఖ్తాసిన్ మొదటి బంతిలో వచ్చి, ఖోల్మత్ ఎప్పుడూ కూర్చునే మూల బొంత మీద బాసింపట్టు వేసుకున్నాడు. గాప్‌లో మిగతా పదిమందీ వెళ్ళిపోయారు. భోజనాలకి పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ ఎత్తేశారు. పొద్దు నడినెత్తికెక్కింది. ఆయన కదల్లేదు.

సనోబర్ చంటిబిడ్డని చంకనేసుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాన్న మీ గురించే అనుకుంటూ పోయాడు బాబాయ్. 'ఆ ఊయల సంగతి వాడు క్షమించలేదు' అన్నాడు. ఒక్క ఊయలకి అంత కోపమా?"

అప్పుడు చెప్పేశాడు. కూతురులాంటి పిల్ల దగ్గర, తలవంచుకుని, దురద సంగతీ, క్రీము సంగతీ, కూర్చోలేక లేచిపోయిన సంగతీ, ఏదీ దాచకుండా చెప్పాడు. సనోబర్ నోటికి తలగుడ్డ కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

"అయ్యో బాబాయ్! నాన్నకి చెప్పుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు కదా! నెల రోజులు గాప్‌లో మిమ్మల్ని ఆడించేవాడు!"

"ఆడించేవాడమ్మా" అన్నాడు తోఖ్తాసిన్. కళ్ళు ధారలు కట్టాయి. "ఒక్కసారి ఆడిస్తే బాగుండేది."

కాసేపటికి సనోబర్ లేచి, ఆయన చేతుల పలావు జిడ్డు వదలడానికి చెంబూ పళ్ళెమూ తెచ్చింది. పళ్ళెం అంచున నల్లసబ్బు ముక్క. ఖోల్మత్ ఆఖరుసారి ఉడికించిన బానలోది.

"అసలు ఎందుకొచ్చింది బాబాయ్ మీకు ఆ జబ్బు?"

ఆయన సబ్బు వంక చూశాడు.

"ఏమోనమ్మా. వయసు" అన్నాడు.

చేతులు చాచాడు. ఆమె నీళ్ళు పోసింది. సబ్బు తీసుకుని నురగ మోచేతులదాకా వచ్చేలా నిదానంగా రుద్దుకున్నాడు.

"మీ నాన్న సబ్బులాంటి సబ్బు ఈ ఊళ్ళో ఇంకెవరికీ కుదరదమ్మా" అన్నాడు.