మెగ్గరమ్మ పట్టిన పట్టు

మా వార్డులో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ మెగ్గరమ్మే. మోటారు తీగచుట్టల్లోంచి కరెంటు బాడీలోకి కారుతోందో లేదో చెప్పే పరికరం మెగ్గరు. అది చంకన లేకుండా ఆవిడ పనికి కదలదు. "చుట్టాలింటికి వెళ్లినా ముందు ఇంటాయనకి మెగ్గరు పెట్టి చూస్తుంది" అని వెటకారం చేస్తారు. "చూస్తే సగం మంది షార్టే" అంటుంది.

పని నేర్పింది మామగారు. రిపేరు షెడ్డు కూడా ఆయనదే. రాగితీగ చుట్టడంలో ఆ చేతికి తిరుగు లేదు. కడగడానికి మాత్రం ఆయనకి తెలిసింది పెట్రోలొక్కటే. ఆరబెట్టడానికి మోటారు లోపల రెండొందల వాట్ల బల్బులు వేలాడదీసేవాడు. కోడలు పని అందుకున్నాక ఆ రెండూ మానిపించింది.

మొన్నటి వానకి పంపుహౌస్ మునిగి మోటారులోకి బురద చేరింది. వార్డు మొత్తానికి ఉన్నది అదొక్కటే. రెండోది కావాలని మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నాం. ఆఫీసులో కూర్చున్నవాళ్లకి దాహం వెయ్యలేదు.

మెగ్గరమ్మ మెయిన్ దించి, దానికి సొంత తాళం వేసి, చెవి నడుముకి దోపుకున్నాకే మోటారు విప్పించింది.

"బురద తుడిచి ఆన్ చెయ్యమ్మా. తిరిగితే ఆ వేడికే ఆరిపోతుంది" అన్నాడు నీళ్ల ఇంజనీరు.

"ఆరదు సార్, కాలుతుంది. రేపు మధ్యాహ్నం ఇస్తాను."

"జనం ఊరుకుంటారా?"

"ఆ జనంలో నేనూ ఉన్నాను. మా ఇంట్లోనూ బిందెలు బోర్లించే ఉన్నాయి."

షెడ్డులో, వార్డుకి వచ్చిన నీళ్ల ట్యాంకరు నుంచి పట్టుకొచ్చిన మంచినీళ్లు సన్నటి ధారగా పోస్తూ, మెత్తటి బ్రష్షుతో కడిగింది. ధార గట్టిగా కొడితే బురద తీగల సందుల్లోకి ఇంకా దూరుతుంది, పైపూత లేస్తుంది. కడిగాక తక్కువ ఒత్తిడితో గాలి పట్టింది. ఇక వేడిపెట్టెలో పెట్టడమే మిగిలింది. ఈలోగా కొత్త బేరింగులు తేవడానికి బజారుకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే పెట్రోలు వాసన గుప్పుమంది. మామగారు తీగలన్నీ పెట్రోలు గుడ్డతో తుడిచి, లోపల బల్బులు దించి, స్విచ్చి మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"మామయ్యా! చెయ్యి తియ్యండి! స్విచ్చి నొక్కద్దు!"

"ఏమైందే అమ్మాయ్? గంటలో ఆరిపోతుంది."

"ముందు మీరు బయటికి రండి."

వాసన పోవడానికి ఆయన ఫ్యాను వెయ్యబోతే అదీ వద్దంది. ఆ స్విచ్చిలో పుట్టే రవ్వ చాలు షెడ్డు అంటుకోవడానికి. తలుపులూ కిటికీలూ బార్లా తీసి, ఆయన్ని రెక్క పట్టుకుని వీధిలోకి నడిపించింది.

ఆయన తలెత్తలేదు. "ట్యాంకరు దగ్గర నిన్ను నానా మాటలూ అంటున్నారే. వినలేకపోయాను."

"తిడితే నేను చావను మామయ్యా. మీరు చేసిన పనికైతే ఇద్దరం పోయేవాళ్లం."

వాసన పూర్తిగా వదిలేదాకా షెడ్డులోకి ఎవరినీ రానివ్వలేదు. మోటారుని మళ్లీ కడగాల్సి వచ్చింది. అంటే మధ్యాహ్నం కాస్తా సాయంత్రమైంది. ఆ సంగతి ఎవరితోనో కబురు పెట్టకుండా తనే ట్యాంకరు వరస దగ్గరికి వెళ్లి చెప్పింది. పెట్రోలు ఎవరు వాడారన్నది మాత్రం చెప్పలేదు.

"నీళ్లిస్తావా, పాఠాలు చెబుతావా?" అని ఒకావిడ బిందె నేలకేసి కొట్టింది.

"రేపు సాయంత్రం నీళ్లిస్తా వదినా. ఇవాళే కావాలంటే కాలిపోయే మోటారిస్తా. తర్వాత పదిహేను రోజులు ఈ వరసలోనే ఉందాం. నన్ను తిట్టు, పడతాను. ఇంతమందికి ఒక్క మోటారే ఎందుకుందో కూడా ఎవరినైనా అడుగు."

మర్నాడు పొద్దున మెగ్గరు సూది సగం మెగోమ్ దగ్గర ఆగింది. అంత తక్కువ చూపిస్తే తీగల్లో తడి ఇంకా ఉన్నట్టే.

"తిరిగేస్తుందిలే" అన్నాడు మామగారు, పక్కకి చూస్తూ.

"తిరుగుతుంది. ఎన్నాళ్లు?" అని మళ్లీ వేడిపెట్టె మూసింది.

మధ్యాహ్నానికి సూది యాభై దాటింది. రెండు గంటలాగి చూసినా అక్కడే నిలబడింది. అప్పుడు బేరింగులు ఎక్కించమని మామగారికి అప్పజెప్పింది. ఆయన చేతులు కడుక్కొచ్చి పనిలో కూర్చున్నాడు.

సాయంత్రం పంపుహౌస్‌లో అందరినీ దూరం జరిపి, తాళం తీసి, మెయిన్ ఎత్తింది. మోటారు ఒక్క మూలుగు మూలిగి అందుకుంది. కాసేపటికి వీధి కుళాయిలు దగ్గి, ఎర్రగా కక్కి, తెల్లబడ్డాయి.

ఇంజనీరు చేతులు దులుపుకున్నాడు. "నీళ్లొచ్చేశాయిగా. ఇక నేను వెళ్తాను."

"కూర్చోండి సార్. రెండో మోటారు ఎప్పుడొస్తుందో ఈ కాగితం మీద తేదీ వేసి వెళ్లండి."

"అది నా చేతిలో పనా అమ్మా?"

"పైవాళ్లకి రాయడం మీ చేతిలో పనే."

ఆయన గుమ్మం వైపు చూశాడు. నిన్న బిందె నేలకేసి కొట్టినావిడ నిండు బిందె చంకన పెట్టుకుని అక్కడ నిలబడింది. ఆవిడ వెనక ఇంకో పదిమంది. ఎవరూ పక్కకి జరగలేదు. ఇంజనీరు కుర్చీ దగ్గరికి లాక్కుని, పెన్ను కోసం జేబు తడుముకున్నాడు.