సువార్తమ్మ పిండి, ఎలిశిబా చెయ్యి

సువార్తమ్మ నోటికి మెదక్‌లో జంకని వాళ్ళు లేరు. చర్చి వెనక బస్తీలో ఆమె ఇల్లు. వీధివైపు కిటికీ తెరిచి ఉందంటే సకినాలు ఉన్నట్టు, మూసి ఉందంటే అయిపోయినట్టు. ఆ కిటికీ ముందు బేరమాడి తిట్లు తిన్నవాళ్ళు కొన్నాళ్ళు సందు తిరిగి పోయేవారు. తర్వాత సిగ్గు విడిచి మళ్ళీ వచ్చేవారు. క్రిస్మసుకు చర్చి జనం, పెళ్ళి సారెలకు ఊరి జనం, హైదరాబాదు బస్సెక్కే ముందు మూట కట్టించుకునే నర్సాపూర్ వాళ్ళు, అందరికీ సువార్తమ్మ సకినాలే కావాలి.

అందరూ అనే ఆ మాటలో సగం అబద్ధం. పిండి మాత్రమే సువార్తమ్మది. బియ్యం ఎంతసేపు నానాలో, రోట్లో ఎంత మెత్తగా దంచాలో, నువ్వులూ వామూ ఎంత పడాలో ఆమెకు తెలిసినట్టు ఆ వాడకట్టులో ఎవరికీ తెలియదు. కానీ ఆ పిండిని వేళ్ళ మధ్య సన్నగా పేనుతూ తెల్లగుడ్డ మీద చుట్లు చుట్టడం ఆమెకు ఏనాడూ రాలేదు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్త నవోమి నేర్పబోయి, విసిగి, "నువ్వు పిండి కలుపు చాలు. చుట్టుడు నా బిడ్డ చూసుకుంటది. నువ్వు గుడ్డ దగ్గరికి రాకు" అని చుట్టాలందరి ముందూ అనేసింది. ఆ బిడ్డే ఎలిశిబా, సువార్తమ్మకు ఆడబిడ్డ. అత్త పోయి ఎన్నేళ్ళయినా ఆ మాట సువార్తమ్మ కడుపులోంచి పోలేదు.

ఎలిశిబా పెనిమిటి పోయాక రేగోడ్ నుంచి అన్న గాబ్రియేలు ఇంటికి వచ్చేసింది. ఆ అన్న కూడా పోయిన నాడు, శవం ఇంకా వసారాలో ఉండగానే సువార్తమ్మ, "అన్న కష్టం తిని ఒళ్ళు పెంచింది, ఇప్పుడు ఏడ్వవట్టె" అంది. దుఃఖంలో నోరు జారిందని బస్తీ వాళ్ళు సర్దిచెప్పారు గానీ, ఆమె అనాలనే అంది. ఆ రోజు నుంచి ఎలిశిబా వదినతో మాట్లాడలేదు. వదిన పొయ్యి మీది మెతుకు ముట్టలేదు. అదే ఇంట్లో పక్క గదిలో తన పొయ్యి తాను పెట్టుకుంది.

సకినాలు చేసే రోజున మాత్రం వాకిట్లో తెల్లగుడ్డ పరచుకుని కూర్చునేది. అది అన్న ఇంటి పని. సువార్తమ్మ పిండి గిన్నె తెచ్చి ఠక్కున పెట్టి పోయేది. ఎలిశిబా చుట్టి, చివరి కొసను బొటనవేలితో లోపలికి నొక్కి, చెయ్యి కడుక్కుని లేచిపోయేది. నూనెలో కాల్చిన వాటిలో ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకునేది కాదు. ఆమె వాటా డబ్బులు సువార్తమ్మ ఆమె గది గడప మీద పెట్టేది, పిల్లికి పెట్టినట్టు. ఇలా మూడేళ్ళు గడిచాయి.

అప్పుడు ఊళ్ళో దండోరా వేశారు. హోటళ్ళే కాదు, ఇళ్ళల్లో వండి అమ్మేవాళ్ళు కూడా ఇకమీదట పర్మిషన్ తీసుకోవాలట. బస్టాండు దగ్గర హోటలు నడిపే భూమయ్యకు పండగ వచ్చినట్టయింది. సువార్తమ్మ కిటికీ వల్ల తన హోటల్లో సకినాలు ఎవరూ కొనడం లేదని అతనికి ఎప్పటి నుంచో మంట. వెంటనే పోయి శానిటరీ ఇన్‌స్పెక్టరు చెవిన వేశాడు.

ఆ ఇన్‌స్పెక్టరు గుంటూరు వైపు మనిషి. గొంతు పెంచడు, మాట మార్చడు. సువార్తమ్మకు చూడగానే ఒళ్ళు మండింది.

"పడుకునే గదిలో వండకూడదమ్మా. ఇత్తడి గిన్నెలకు కళాయి ఉండాలి. గోడలకు సున్నం వేయించాలి. సరుకు మీద ఈగ వాలకుండా జాలీ బీరువా పెట్టుకోవాలి."

"మా అత్త ఏ బీరువల వెట్టిందయ్యా? తిన్నోళ్ళు ఎవలన్న సచ్చిండ్రా?"

"రూలు అందరికీ ఒకటేనండి. పర్మిషన్ లేకుండా ఇంకోసారి కిటికీ తెరిస్తే సరుకు పారబోయిస్తాను."

ఆమెకు ఆ కిటికీ తప్ప వేరే బతుకుదెరువు లేదు. అందుకని తిట్టుకుంటూనే అన్నీ చేసింది. మంచం వసారాలోకి ఈడ్చింది. సున్నం తానే కొట్టింది. కళాయి వేసేవాడిని వాకిట్లో కూర్చోబెట్టి గిన్నె గిన్నెకూ పోట్లాడింది. జాలీ బీరువా తెచ్చి గోడకు ఆనించి, దాన్ని కూడా తిట్టింది.

రెండోసారి వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టరుకు తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు. వెనకాలే వచ్చిన భూమయ్య మొహం మాడిపోయింది.

"ఇక ఒక్కటే మిగిలింది. సరుకు తాకే మనుషులందరూ ఆసుపత్రిలో చూపించుకోవాలి. పర్మిషన్ మీద వాళ్ళ పేర్లు రాస్తాను. ఇక్కడ ఎవరెవరు చేస్తారు?"

పర్మిషన్ వచ్చేస్తుందన్న ధీమాతో సువార్తమ్మ ఆ రోజు సకినాలకు పిండి కలిపి పెట్టింది. ఎలిశిబా వాకిట్లో గుడ్డ పరిచి, పిండి గిన్నె పక్కన కూర్చుని ఉంది. తల ఎత్తలేదు కానీ చెవులు ఇటే ఉన్నాయి. సువార్తమ్మకు ఆమె పేరు నాలుక దాకా వచ్చింది. వాకిట్లో ఎలిశిబాను చూసేసరికి అత్త మాట గుర్తొచ్చింది.

"ఎవలెవలేంది? నేనొక్కదాన్నే."

ఎలిశిబా లేచింది. గుడ్డ దులిపి, మడిచి, చంకలో పెట్టుకుని తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

"గా పొయినామె ఎవలు సార్? ఎప్పుడు సూసినా ఆమెనే చుడ్తది" అన్నాడు భూమయ్య.

"మీరే చేస్తారంటున్నారుగా. ఒకటి చుట్టి చూపించండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సువార్తమ్మ ఇంకో గుడ్డ తెచ్చి పరిచింది. పిండి తీసుకుంది. మొదటి చుట్టు సగంలోనే తెగింది. అతికించబోతే ముద్దయింది. ఇంకొకటి మొదలుపెట్టింది. ఒకచోట లావుగా, ఒకచోట దారంలా వచ్చి అదీ విరిగింది. భూమయ్య నవ్వు ఆపుకోలేదు. కొత్త కోడలినాటి సిగ్గంతా ఆమె మొహంలోకి వచ్చేసింది.

"అబద్ధం చెప్పారమ్మా. అబద్ధం చెప్పిన వంటింటికి నేను పర్మిషన్ ఇవ్వలేను" అని ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు.

కిటికీ మూతపడింది. వారం తిరక్కుండానే భూమయ్య ఎలిశిబాను హోటలుకు పిలిచాడు. ఆమె దవాఖానలో చూపించుకుని, గుడ్డ చంకలో పెట్టుకుని, వదిన కళ్ళముందు నుంచే రోజూ నడిచిపోయేది. సువార్తమ్మ రెండు పూటల తిండి ఒక పూటకు తెచ్చుకుంది. ఆడబిడ్డను నానా శాపనార్థాలూ పెట్టింది.

అయితే భూమయ్యకు నానబెట్టి దంచే ఓపిక లేదు. పొడి బియ్యమే గిర్నీలో పట్టించి నీళ్ళు పోసి కలిపించాడు. సకినాలు రాళ్ళలా వచ్చాయి. ఆ మాట చెవిన పడ్డ రోజు సువార్తమ్మ ఆకలి కూడా మరిచి నవ్వుకుంది.

తర్వాత ఒక ఆదివారం, చర్చి మెట్ల దగ్గర మార్తమ్మ అనే పొరుగింటావిడ, "ఎలిశిబా చెయ్యి పాడైందక్కా. ఆ సకినాలు కొరికితే పండ్లు ఊడేటట్టున్నయ్" అంది.

నవ్వాల్సిన మాటే. సువార్తమ్మకు మాత్రం కోపం నెత్తికెక్కింది.

"చెయ్యి పాడైందా? ఎవలన్నరే ఆ మాట?"

"అందరు గట్లనే అంటుండ్రు."

మార్తమ్మ ఇంకేదో చెబుతుండగానే సువార్తమ్మ కొంగు బిగించి బస్టాండు దారి పట్టింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు హోటల్లో మగవాళ్ళు కూర్చుని టీ తాగే చోట అడుగుపెట్టేవారు కాదు. ఆమె నేరుగా లోపలికి పోయి, సకినాల గాజు సీసా మూత తీసి, ఒకటి పైకెత్తి పట్టుకుంది. టీ తాగుతున్న వాళ్ళంతా తలలు తిప్పారు.

"జర చూడుండ్రి. చుట్టుల ఎక్కడన్న వంకరున్నదా? కొసను ఎట్ల లోపటికి ఒత్తిందో సూడుండ్రి. గీ చేతికి వంక పెడ్తరా? పాడైంది గీ భూమయ్య పిండి!" అని దాన్ని అతని ముందు బల్లకేసి కొట్టింది. అది విరగలేదు.

"సువార్తక్కా, గిరాకీ ముంగట లొల్లి పెట్టకు" అన్నాడు భూమయ్య.

"పెడ్త. నా కిటికీ మూపిచ్చినప్పుడు నీకు నవ్వొచ్చింది గదా, ఇప్పుడు నవ్వు. అందరు ఇనుండ్రి. మా ఇంట్ల సకినాలు ఏనాడన్న చుట్టింది ఎలిశిబానే. నాకు చుట్టుడు రాదు. ఒక్కటి గుడ రాదు."

వంటింట్లోంచి ఎలిశిబా పిండి చేతులతో బయటికి వచ్చింది. మొహంలో దయాదాక్షిణ్యాలేమీ లేవు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి వదిన కళ్ళల్లోకి చూసి మాట్లాడింది.

"ఎవలికి రాదు?"

"నాకు."

"ఇనవడలే."

సువార్తమ్మ పళ్ళు కొరికింది. "నాకు చుట్టుడు రాదు!" అని బస్టాండు దాకా వినిపించేలా అరిచింది.

"గిదే మాట ఇన్‌స్పెక్టరు ముంగట చెప్తవా?"

"చెప్త. చెప్పక సస్తనా?"

ఎలిశిబా లోపలికి పోయి చేతులు కడుక్కుంది. భూమయ్య ఏదో అంటున్నా వినిపించుకోకుండా తన గుడ్డ మడుచుకుని బయటికి నడిచింది. ఇంటిదాకా ఇద్దరూ రోడ్డుకు చెరో పక్కన నడిచారు.

ఇన్‌స్పెక్టరు ముందు సువార్తమ్మ ఆ మాట చెప్పింది, నేల చూస్తూ. ఈసారి పర్మిషన్ వచ్చింది. రెండు పేర్లలో ఎలిశిబా పేరు పైన ఉండాలని ఎలిశిబాయే పట్టుబట్టింది. కాగితాన్ని అన్నం మెతుకులతో కిటికీ రెక్కకు అంటించిందీ ఆమే.

మొదటి వాయి నూనెలోంచి తీసి సువార్తమ్మ పళ్ళెంలో వేసింది. ఎలిశిబా వాకిట్లోంచి లేచి వచ్చి, ఎవరూ పెట్టకుండానే ఒకటి తీసుకుంది. విరిచి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది.

"ఉప్పెక్కువైంది" అంది.

సువార్తమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మూడేండ్ల సంది నోట్ల వెట్టనిదానికి, ఉప్పెంతో నీకేం ఎరుకనే?"

ఎలిశిబా పళ్ళెం తన వైపు జరుపుకుని ఇంకొకటి తీసుకుంది.